చెప్పి రాయించుకున్న జీవితం

సెయింట్ హెలీనా దీవిలో 1821 మే 9న నెపోలియన్‌ని పూడ్చిపెట్టేటప్పుడు సమాధి రాయి మీద ఏమని చెక్కాలో తేలలేదు. వెంట ఉన్న ఫ్రెంచివాళ్లు ‘నెపోలియన్’ అన్న ఒక్క మాట చాలన్నారు. రాజుల్నీ చక్రవర్తుల్నీ ఇంటిపేరు లేకుండానే పిలుస్తారు కదా. దీవి గవర్నరు హడ్సన్ లో ఒప్పుకోలేదు. పక్కన ‘బోనపార్ట్’ ఉండి తీరాలన్నాడు. బ్రిటిష్ ప్రభుత్వం లెక్కలో చనిపోయినవాడు చక్రవర్తి కాదు, తమ చేతికి చిక్కిన ఒక జనరల్. ఎవరి పట్టు వాళ్లదే. రాయి ఖాళీగా మిగిలింది. 1840లో శవపేటికను తవ్వి తీసి పారిస్ తరలించేనాటికీ దాని మీద ఒక్క అక్షరం పడలేదు.

ఆ తగాదా అప్పటికే పుస్తకాల అట్టల మీదికి పాకింది. కోర్సికాలో పుట్టిన కుర్రాడి ఇంటిపేరు ఇటాలియన్ పద్ధతిలో బువోనపార్తె. 1796లో ఇటలీ దండయాత్రకు బయల్దేరేవేళ అందులోంచి ఒక అక్షరం తీసేసి దాన్ని ఫ్రెంచి పేరు చేసుకున్నాడు. గిట్టనివాళ్లు ఆ అక్షరాన్ని వదల్లేదు. 1814లో షాతోబ్రియాన్ వేసిన తిట్ల కరపత్రంలో అతను ‘బువోనపార్తె’. 1827లో వాల్టర్ స్కాట్ తొమ్మిది సంపుటాల్లోనూ అంతే. విచిత్రం ఏమిటంటే, అతన్ని ఆరాధించిన విలియం హాజ్లిట్ కూడా తన నాలుగు సంపుటాలకు అదే పేరు పెట్టాడు. మన కాలానికొస్తే ఆండ్రూ రాబర్ట్స్ 2014లో బ్రిటన్‌లో వేసిన పుస్తకం పేరు ‘నెపోలియన్ ద గ్రేట్’. అదే పుస్తకం అమెరికాలో ‘నెపోలియన్: ఎ లైఫ్’ అయింది. అట్లాంటిక్ దాటేసరికి ఆ ఘనత ఎక్కడో జారిపోయింది.

తెలుగులో ఈ చిక్కు ఇంకా ముదురు. ఇంగ్లిష్ రచయిత ‘హీ’ అనేసి వెయ్యి పేజీలు తప్పుకు తిరగొచ్చు. మనకు ఆ వీలు లేదు. ‘ఆయన’ అంటే దండం పెట్టినట్టు, ‘వాడు’ అంటే శాపం పెట్టినట్టు, ‘అతడు’ అంటే నాటకంలో పాత్రలా దూరంగా నిలబెట్టినట్టు. మొదటి వాక్యంలోనే పక్షం బయటపడుతుంది. నేను ‘అతను’తో సరిపెట్టుకుంటున్నాను. ఇంతవరకు చదివిన పుస్తకాలు నన్ను అక్కడ నిలబెట్టాయి.

నెపోలియన్ చనిపోయాక గడిచిన రోజుల కంటే అతని మీద వచ్చిన పుస్తకాలే ఎక్కువ అనే మాట ఈ రంగంలో తరచూ వినిపిస్తుంది. లెక్క ఎవరు కట్టారో గాని, గ్రంథాలయంలో ఆ బీరువా ముందు నిలబడితే నమ్మబుద్ధేస్తుంది. అయితే ఆ గుట్టను కాస్త కదిపి చూస్తే తేలేది ఒకటుంది. అనుకూలంగా రాసినవాళ్లూ వ్యతిరేకంగా రాసినవాళ్లూ చాలాకాలం ఒకే మూలప్రతి చుట్టూ తిరిగారు. ఆ ప్రతిని తయారుచేసింది నెపోలియనే.

1815 అక్టోబరులో దీవికి చేరినప్పుడు అతని వయసు 46. సైన్యం లేదు, రాజ్యం లేదు, భార్యాబిడ్డలు వియన్నాలో ఉన్నారు. మిగిలినవి నోరు, జ్ఞాపకశక్తి, కలం పట్టుకుని సిద్ధంగా ఉన్న నలుగురు అనుచరులు. వాళ్లలో లాస్ కాజ్ పాత జమీందారీ వంశంవాడు, విప్లవ కాలంలో లండన్ పారిపోయి చరిత్ర పటాల పుస్తకం వేసి బాగా సంపాదించినవాడు. అంటే పుస్తకం ఎలా అమ్ముడుపోతుందో తెలిసిన మనిషి. పద్దెనిమిది నెలల లోపే, 1816 చివర్లో, హడ్సన్ లో అతన్ని దీవి నుంచి పంపించేసి కాగితాలన్నీ స్వాధీనం చేసుకున్నాడు. నెపోలియన్ పోయాక అవి తిరిగి చేతికొచ్చాయి. 1823లో ‘మెమోరియల్ ద సెంట్ ఎలెన్’ వెలువడింది. 19వ శతాబ్దపు ఫ్రాన్సులో ఇంటింటా చేరిన పుస్తకాల్లో అదొకటి. స్తాందాల్ నవల ‘ఎరుపు, నలుపు’లో వడ్రంగి కొడుకు జూలియన్ సోరెల్ గుండెకు హత్తుకుని తిరిగే పుస్తకం ఇదే.

అందులో కనిపించే నెపోలియన్ జాతుల స్వేచ్ఛ కోరినవాడు, విప్లవాన్ని కాపాడినవాడు, ఇష్టం లేకపోయినా యుద్ధాల్లోకి లాగబడ్డవాడు. ఓడినవాడి వాంగ్మూలం అది. గెలిచినవాడు జవాబు చెప్పుకోలేక చతికిలబడ్డాడు. దీవిలో వైద్యం చేసిన ఐరిష్ డాక్టరు బారీ ఒమియారా 1822లో తన పుస్తకంలో గవర్నర్ని రాక్షసుడిగా చిత్రిస్తే, హడ్సన్ లో పరువునష్టం దావాకు వెళ్లాడు. ఆలస్యంగా వేశావంటూ కోర్టు కొట్టేసింది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న మన సామెత వాటర్లూ తర్వాతి బ్రిటన్‌కి ఇంత చక్కగా అతుకుతుందనుకోలేదు.

వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడంటారు. ఈ వినాయకుడు మాత్రం కొన్ని పర్వాలు సొంతంగా కలిపాడు. ఆ సంగతి ఖాయంగా తేలడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. లాస్ కాజ్ కాగితాలు పట్టుకున్న బ్రిటిష్ అధికారులు వాటికి నకలు రాయించి దాచుకున్నారు. 2005లో చరిత్రకారుడు పీటర్ హిక్స్ ఆ నకలును బ్రిటిష్ లైబ్రరీలో గుర్తించాడు. 2017లో థియెరీ లెంజ్ బృందం దాన్ని పారిస్‌లో అచ్చు వేసింది. అచ్చయిన ‘మెమోరియల్’ కంటే అది చాలా చిన్నది. తరతరాలుగా నెపోలియన్ నోటి మాటలుగా చలామణి అయిన వాక్యాలు కొన్ని అందులో లేనే లేవు. అంతవరకు వచ్చిన జీవితచరిత్రల్లో సెయింట్ హెలీనా అధ్యాయాలన్నిటికీ ఒక్క దెబ్బతో చెద పట్టినట్టయింది.

దీవిలో రాసుకున్న మిగతావాళ్లు అంత తెలివిగా లేరు, అందుకే వాళ్లు ఎక్కువ పనికొస్తారు. అలిగి వెళ్లిపోయిన గూర్గో డైరీ 1899లోగాని బయటికి రాలేదు. గ్రాండ్ మార్షల్ బెర్త్రాన్ పొడి అక్షరాలతో గీసుకున్న నోటు పుస్తకాలను విప్పి చదివి 1949 నుంచి 1959 దాకా ప్రచురించారు. అందులో ఉపదేశాలు తక్కువ. కడుపునొప్పి, విసుగు, అనుచరుల మధ్య అసూయలు, మంచం మీద కుంగిపోతున్న ఒక లావుపాటి రోగి, ఇవే ఎక్కువ. మాజీ బ్రిటిష్ ప్రధాని లార్డ్ రోజ్‌బరీ 1900లో ఈ ఆఖరి దశ ఒక్కదాని మీదే చక్కటి పుస్తకం రాశాడు. సాక్షుల్ని ఒకరి మీదికొకరిని తోసి ప్రశ్నించే పద్ధతి అందులో ఉంది. బెర్త్రాన్ నోటు పుస్తకాలు అతనికి అందలేదు, అదే లోటు.

1820ల్లోకి వెనక్కి వెళ్తే, మొదటి పెద్ద జీవితచరిత్రలు రెండూ డబ్బు కష్టాల్లో పుట్టాయి. 1826లో ప్రచురణ సంస్థ కూలి లక్ష పౌన్లకు పైబడిన అప్పు నెత్తిన పడ్డ స్కాట్, దాన్ని కలంతోనే తీరుస్తానని కూచుని ఏడాది తిరిగేసరికి తొమ్మిది సంపుటాలు దించాడు. అప్పులవాళ్లకు 18 వేల పౌన్లు ముట్టాయి. ఆ వేగం పేజీల్లో తెలుస్తుంది. కాని అతను లండన్‌లో ప్రభుత్వ కాగితాలు చూశాడు. నెపోలియన్‌ని దీవిలో హింసిస్తున్నారన్న కథకు ఎదురుగా గూర్గో స్వయంగా బ్రిటిష్ అధికారులకు చెప్పిన మాటలు వాటిలో దొరికాయి. బయటపెట్టేసరికి గూర్గో ద్వంద్వయుద్ధానికి వస్తాడేమోనన్నంత రభస జరిగింది. ఇక హాజ్లిట్‌ది వేరే విషాదం. వాటర్లూ వార్త విని రోజుల తరబడి తాగి తిరిగిన మనిషి. రాజవంశాల మీద కసితో ఆ నాలుగు సంపుటాలు రాశాడు, ప్రచురణకర్త దివాలా తీశాడు, 1830లో తానూ పోయాడు. దీన్ని ఇవాళ చరిత్రగా ఎవరూ చదవరు. ఒక తరం తన ఆశలు ఎవరి మీద పెట్టుకుందో చూడాలనుకుంటే మాత్రం స్కాట్ కంటే ఇదే మేలు. స్తాందాల్ రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాడు. 1812లో మాస్కో నుంచి సైన్యంతో వెనక్కి నడిచినవాడు ఆ జీవితాన్ని పూర్తిచేయలేకపోవడం నాకు సహజంగానే తోస్తుంది.

ఈ కాలంలోనే నెపోలియన్ అసలు పుట్టనే లేదని నిరూపించిన పుస్తకాలూ వచ్చాయి. 1819లో ఆక్స్‌ఫర్డ్ మతాచార్యుడు రిచర్డ్ వాట్లీ, అద్భుతాలకు సాక్ష్యం అడిగేవాళ్ల పద్ధతినే నెపోలియన్‌కు వర్తింపజేసి, ఇంత నమ్మశక్యం కాని మనిషి ఉండి ఉండడని తేల్చాడు. 1827లో ఫ్రెంచివాడు పెరెస్ ఇంకో అడుగు వేశాడు. నెపోలియన్ అంటే అపోలో, పన్నెండుమంది మార్షల్స్ పన్నెండు రాశులు, నలుగురు తమ్ముళ్లూ అన్నలూ నాలుగు ఋతువులు. పక్కా సూర్యవంశం. వేళాకోళమే, కాని మన పురాణాలకు ఇదే సూత్రం సీరియస్‌గా పట్టించిన పండితులకు ఈ చిన్న పుస్తకం మంచి మందు.

జ్ఞాపకాల పుస్తకాల మీద ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. చిన్ననాటి స్నేహితుడూ కార్యదర్శీ అయిన బూరియెన్ పేరుతో 1829 నుంచి వచ్చిన పది సంపుటాల్లో చాలా భాగం కిరాయి రచయితల పని. అయినా వందేళ్లపాటు జీవితచరిత్రకారులు దానిలోంచి సంభాషణలు ఎత్తుకుంటూనే ఉన్నారు. 1971లో జాన్ త్యూలార్ ఈ స్మృతులన్నిటినీ వరుసగా పరీక్షించి, ఏది సరుకు, ఏది పొట్టు అని ఒక సూచిక కట్టాడు. ఆ తర్వాత కూడా బూరియెన్‌ను జల్లెడ పట్టకుండా వాడే పుస్తకాన్ని నేను అక్కడితో మూసేస్తాను.

నమ్మకమైన నేల ఉత్తరాలది. నెపోలియన్ దస్తూరీ అతనికే అర్థమయ్యేది కాదంటారు. అందుకని జీవితమంతా గదిలో పచార్లు చేస్తూ చెబుతూ పోయేవాడు, కార్యదర్శులు అందుకోలేక చచ్చేవాళ్లు. మూడో నెపోలియన్ గద్దెనెక్కాక 1858లో పెదనాన్న ఉత్తరాలను సర్కారు ఖర్చుతో అచ్చువేయడం మొదలుపెట్టాడు. మొత్తం 32 సంపుటాలు, సుమారు 22 వేల కాగితాలు. మధ్యలో సంఘాన్ని మార్చి తన కుటుంబంవాడే అయిన ప్రిన్స్ నెపోలియన్‌ను అధ్యక్షుణ్ని చేశారు. చక్రవర్తి బతికుంటే లోకానికి ఏది చూపించి ఉండేవాడో అదే వేస్తామని ఆ కొత్త సంఘం దాపరికం లేకుండా ప్రకటించింది. చివరి నాలుగు సంపుటాల్లో దీవిలో చెప్పి రాయించిన రచనలే నింపారు. కుటుంబం తన పెద్దాయన ఫొటోకి పూలదండ వేసినట్టు.

ఆ దండ తియ్యడానికి ఫొందాసియోన్ నెపోలియన్ సంస్థ పూనుకుంది. 2004 నుంచి 2018 వరకు 15 సంపుటాల్లో 40 వేలకు పైగా ఉత్తరాలు వేసింది. నా మటుకు నాకు రెండొందల ఏళ్ల నెపోలియన్ సాహిత్యంలో అన్నిటికన్నా పెద్ద సంఘటన ఇదే, ఇది జీవితచరిత్ర కాకపోయినా. ఈ ఉత్తరాల్లో కనిపించేవాడు మహావాక్యాలు పలికేవాడు కాదు. బూట్ల జతలెన్ని, రొట్టె పొయ్యిలెక్కడ, ఫలానా పట్నం వంతెన ఎందుకు ఆలస్యమైంది, ఫలానా పత్రిక సంపాదకుణ్ని ఎందుకు ఊరుకోనిచ్చారు, ఫలానా ఊళ్లో తిరగబడ్డవాళ్లలో ఎంతమందిని కాల్చారు అని అడిగే మనిషి. జిల్లా కలెక్టరూ సర్కిల్ ఇన్‌స్పెక్టరూ మిలిటరీ సప్లై గుమాస్తా కలిసి ఒకే శరీరంలో ఉన్నట్టు ఉంటుంది. ఉత్తరం అయినంత మాత్రాన నిజం చెబుతుందని కాదు. అతని సైనిక ప్రకటనల పుణ్యమా అని ‘బులెటిన్‌లా అబద్ధమాడటం’ అన్న నానుడి ఆనాటి ఫ్రెంచిలో పుట్టింది. కాని అబద్ధం ఎవరికి ఏ రోజున ఏ అవసరం కొద్దీ చెప్పాడో తేదీతో సహా దొరకడం వేరు, ఏళ్ల తర్వాత దీవిలో కూర్చుని చెప్పింది నమ్మడం వేరు.

ఫ్రాన్సులో 19వ శతాబ్దమంతా నెపోలియన్‌ని రాయడమంటే అప్పటి ప్రభుత్వం గురించి రాయడమే. మదామ్ ద స్తాల్ చనిపోయాక 1818లో వచ్చిన పుస్తకం అతని నిరంకుశత్వాన్ని కోసి చూపింది. చక్రవర్తి శరీరాన్ని పారిస్ రప్పించే ఏర్పాటు చేసిన ప్రధాని తియేర్, 1845 నుంచి 1862 దాకా 20 సంపుటాల్లో కీర్తి గానం చేశాడు, చివర్లో మాత్రం చక్రవర్తి తమ్ముడి కొడుకైన పాలకుడు నచ్చక స్వరం తగ్గించాడు. లాంఫ్రె ఆ పాలకుడి మీద కోపంతో పెదనాన్నని ఉతికి ఆరేశాడు. ఇపోలిత్ తేన్ అతన్ని 15వ శతాబ్దపు ఇటలీ కిరాయి సేనానిగా, ఫ్రాన్సుకు పరాయివాడుగా చిత్రించినప్పుడు, నెపోలియన్ తమ్ముడి కూతురు ప్రిన్సెస్ మటిల్డ్ ఆ పాత మిత్రుడి ఇంటికి ‘సెలవు’ అని అర్థమొచ్చే చీటీ పంపి స్నేహం తెంచేసుకుంది. జీవితచరిత్ర మీద నాకు తెలిసిన అతి క్లుప్తమైన సమీక్ష అది.

ఈ గొడవనంతా ఒకచోట కూర్చి చూపినవాడు డచ్చి చరిత్రకారుడు పీటర్ గెయిల్. అతని ‘నెపోలియన్: ఫర్ అండ్ అగెనెస్ట్’ జీవితచరిత్ర కాదు, జీవితచరిత్రల చరిత్ర. 1940లో వ్యాసంగా మొదలైంది. జర్మన్లు హాలెండ్‌ని ఆక్రమించేసరికి పత్రిక సంపాదకుడు భయపడి తిప్పి పంపాడు. నెపోలియన్ పేరు చెప్పి ఇంకెవర్నో అంటున్నట్టుంటుందని అతని బెంగ. గెయిల్ అదే సరుకును రోటర్‌డామ్‌లో ఉపన్యాసాలుగా చెప్పాడు, శ్రోతలు అర్థం చేసుకుని నవ్వుకున్నారు. తర్వాత నాజీలు అతన్ని బందీగా పట్టుకుని పదమూడు నెలలు బూఖెన్‌వాల్డ్ శిబిరంలో ఉంచారు. తిరిగొచ్చాక పూర్తిచేసిన పుస్తకం 1946లో వచ్చింది. అంత అనుభవించి కూడా, హిట్లర్‌తో పోల్చడం నెపోలియన్‌కు అన్యాయమని రాయడం ఆ మనిషి నిగ్రహం. ఈ విషయం మీద ఒక్క పాత పుస్తకమే చదవగలిగితే నేను ఇదే చదవమంటాను. చరిత్ర తీర్పు కాదు, తెగని వాదం అని గెయిల్ నమ్మాడు. అయితే అతను సర్దిపెట్టిన ఆ ఫ్రెంచి వాదంలో రెండు పక్షాలకూ పట్టని సంగతి ఒకటుంది. దానికి వస్తాను.

రెండు ప్రపంచయుద్ధాల నడుమ వచ్చిన జీవితచరిత్రల్లో రచయితల ఊళ్లు కనబడతాయి. జర్మన్‌లో ఎమిల్ లుడ్విగ్ 1925లో రాసినది లోకమంతా అమ్ముడుపోయింది, నవలలా చదివిస్తుంది, ఆధారం అడిగితే తడబడుతుంది. 1931లో జాక్ బాంవిల్ రాజరికవాది కళ్లతో చూసి, మొత్తం కథ ముందే ఓడిపోయిన జూదమని చల్లగా చెప్పాడు. ఆ భాష మాత్రం అందం. స్టాలిన్ రష్యాలో బహిష్కరణ అనుభవించి వచ్చిన యెవ్గెనీ తార్లే 1936లో వేసిన పుస్తకంలో పైన వర్గ విశ్లేషణ, అడుగున విజేత మీద దాచుకోలేని మోజు రెండూ ఉన్నాయి. 1935లో జార్జ్ లెఫెవ్ర్ రాసినది వీటన్నిటికంటే గట్టిది. అందులో మనిషి కంటే రైతులు, బ్యాంకులు, ఓడరేవులే ఎక్కువ కనిపిస్తాయి. జైల్లో ఉన్న నెహ్రూ కూతురికి రాసిన ప్రపంచ చరిత్ర ఉత్తరాల్లో కూడా నెపోలియన్‌కు రెండు మూడు ఉత్తరాలు దక్కాయి. మెచ్చుకోలూ చిరాకూ పక్కపక్కనే.

ఇక నా పరీక్ష. లావుపాటి నెపోలియన్ పుస్తకం చేతికొస్తే ఆస్టర్లిట్జ్ యుద్ధం దగ్గర తెరవను. అక్కడ అందరూ బాగానే రాస్తారు. రెండు తేదీలు వెతుకుతాను. ఒకటి 1799 మార్చి, యాఫా. రెండు 1802 మే 20.

పాలస్తీనా తీరంలోని యాఫా ఊరు పట్టుబడ్డాక, ప్రాణాలకు హామీ మీద లొంగిపోయిన వేలమంది సైనికులను నెపోలియన్ ఆజ్ఞ మీద సముద్రపు ఒడ్డుకు తోలుకెళ్లి చంపారు. తూటాలు వృథా కాకుండా బాయినెట్లతో. సంఖ్య దగ్గర అంచనాలు రెండున్నర వేలనుంచి నాలుగు వేలు దాటి పోతాయి. కొద్దిరోజుల్లోనే అతను అదే ఊళ్లో ప్లేగు ఆస్పత్రికి వెళ్లి రోగుల్ని పరామర్శించాడు. 1804లో గ్రో వేసిన బ్రహ్మాండమైన చిత్రంలో రోగి శరీరాన్ని చేత్తో తాకుతున్న యేసుక్రీస్తులా కనిపించేది ఆ సందర్శనే. చాలా జీవితచరిత్రల్లో బొమ్మ నిండు పేజీ, మారణకాండ ఒక పేరా. తిండి లేదు, వాళ్లలో కొందరు ఎల్ అరీష్‌లో మళ్లీ పోరాడబోమని మాటిచ్చి తప్పారు అన్న సమర్థన వరసగా వస్తుంది. రాబర్ట్స్ ఈ సమర్థనలన్నీ చెబుతాడు, కాని ఐరోపా ఖైదీలైతే ఇలా చేసి ఉండేవాడు కాదని కూడా ఒప్పుకుంటాడు. ఆరాధకుడి నోట ఆ ఒక్క మాట రావడం ఆ పుస్తకం మీద నాకు గౌరవం పెంచింది.

1802 మే 20 నాటి చట్టం ఇంకా పెద్ద పరీక్ష. ఫ్రెంచి విప్లవం 1794లో వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. బ్రిటన్‌తో కుదిరిన ఆమియెన్ సంధితో మార్తినీక్ వంటి దీవులు తిరిగి చేతికి రాగానే, అక్కడ బానిసత్వం కొనసాగుతుందని మొదటి కాన్సల్‌గా ఉన్న నెపోలియన్ ప్రభుత్వం చట్టం చేసింది. కొద్ది వారాల్లో గ్వాదలూప్‌లో దాన్ని మళ్లీ పెట్టింది. అంతకు ముందే బావమరిది లెక్లేర్ నాయకత్వంలో పెద్ద నౌకాదళం సెంట్ డొమింగో మీదికి వెళ్లింది. పచ్చజ్వరం సైన్యాన్ని తినేసింది, లెక్లేర్‌ కూడా పోయాడు, మాజీ బానిసలు గెలిచారు, 1804 జనవరి 1న హైతీ పుట్టింది. గెయిల్ సర్దిన అనుకూల, ప్రతికూల వాదాల్లో ఇది ముఖ్య ప్రశ్న కాదు. పాత పుస్తకాల్లో ఇది లూయీసియానా అమ్మకానికి ముందు వచ్చే ఉపోద్ఘాతం.

‘మెమోరియల్’ ఈ చోట ఏం చేసిందో చూడండి. దీవిలో మొదటి వారాల్లో నెపోలియన్ ఉన్న బ్రయర్స్ తోటలో టోబీ అనే మలయ్ బానిస ఉండేవాడు. అతనితో మాట్లాడి, కథ విని, కరిగి, అతన్ని కొని విడిపించాలని నెపోలియన్ ప్రయత్నించాడు. గవర్నరు కుదరనివ్వలేదు. లాస్ కాజ్ ఈ ఘట్టాన్ని కన్నీళ్లొచ్చేలా రాశాడు. సెంట్ డొమింగో మాట వచ్చినప్పుడు అది పొరపాటు, మాజీ బానిసల నాయకుడు టూసాన్ ద్వారా పాలించాల్సింది అని దొర పశ్చాత్తాపపడతాడు. పొరపాటు అన్నాడు గాని నేరం అనలేదు. ఒక బానిస మీద జాలి లక్షల మంది మీద చేసిన చట్టాన్ని కప్పేసింది. చెప్పి రాయించుకోవడంలో ఇంతకు మించిన నేర్పు లేదు.

ఈ కప్పు తొలగింది జీవితచరిత్రల వల్ల కాదు, కరీబియన్ వైపు నుంచి. ట్రినిడాడ్ రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లో ‘బ్లాక్ జాకొబిన్స్’ రాశాడు. 2005లో క్లోద్ రిబ్ తన కోపోద్రిక్తమైన పుస్తకంలో నెపోలియన్‌ని హిట్లర్ పక్కన నిలబెట్టాడు. అందులో అతిశయోక్తులు చాలా ఉన్నాయి, వాదనగా అది నిలవదు. కాని ఆ ఏడాది ఆస్టర్లిట్జ్ ద్విశతాబ్ది ఉత్సవానికి అధ్యక్షుడు షిరాక్ వెళ్లలేదు. 2021లో మరణ ద్విశతాబ్దికి మక్రోన్ పూలమాల వేస్తూనే, బానిసత్వాన్ని పునరుద్ధరించడం తప్పని చెప్పక తప్పలేదు. ఇప్పుడు ఆ సంగతిని రెండు వాక్యాల్లో దాటేసే పుస్తకం పాతకాలపుదిగా కనిపిస్తుంది.

గత రెండు దశాబ్దాల పుస్తకాల్లో రాబర్ట్స్‌ది అందరికీ తెలిసింది. 60 యుద్ధరంగాల్లో 53 స్వయంగా నడిచి చూశాడు. చదివిస్తాడు, సివిల్ కోడ్, పాలన, హాస్యం అన్నీ కళ్లకు కట్టిస్తాడు. కాని ప్రతి ఆరోపణ దగ్గరా వకాల్తా పుచ్చుకుంటాడు. ఆడమ్ జమోయ్‌స్కీ 2018లో దీనికి విరుగుడు ఇచ్చాడు. అతని నెపోలియన్ మేధావీ కాదు, రాక్షసుడూ కాదు, దారి తెలియక, అదృష్టం తోడై, ఎక్కిన మెట్టు దిగలేకపోయిన మనిషి. ఎప్పుడూ గాలి తీసే ఈ పద్ధతి కొన్నిసార్లు అన్యాయంగానూ ఉంటుంది. అంత మామూలు మనిషైతే అందరూ ఎందుకు వెనకాల నడిచారన్న ప్రశ్నకు జవాబు పలచన.

ఆస్ట్రేలియా చరిత్రకారుడు ఫిలిప్ డ్వయర్ మూడు సంపుటాలు నాకు ఎక్కువ నచ్చాయి. 2007, 2013, 2018ల్లో వచ్చాయి. జనరల్‌గా ఉన్నప్పటి నుంచే సొంత పత్రికలు పెట్టి, చిత్రకారుల్ని పిలిచి, తనను తాను ఎలా తయారుచేసుకున్నాడో అతను దారం దారంగా విప్పుతాడు. మూడో సంపుటం చావు తర్వాతి జీవితం మీదే. మైకేల్ బ్రోవర్స్ కూడా మూడు సంపుటాలు రాశాడు. కొత్త ఉత్తరాలను పూర్తిగా మథించింది అతనే. నెపోలియన్ పాలన ఇటలీ, జర్మనీ పల్లెల్లో ఎలా తగిలిందో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వచనం మాత్రం ఎగుడుదిగుడు. పాట్రిస్ గెనిఫే ‘బొనపార్ట్’ 1802 దగ్గర ఆగిపోయే మహాగ్రంథం. లోతైనదే, కాని కథానాయకుడి మీద మమకారం ప్రతి పేజీలో ఊరుతుంది. రూత్ స్కర్ 2021లో చక్రవర్తిని అతని తోటల ద్వారా చూసింది. వింతగా అనిపించినా, బ్రియెన్ బడిలో కుర్రాడి చిన్న తోట నుంచి దీవిలోని లాంగ్‌వుడ్‌లో రోగి తవ్వించిన గుంటల దాకా అదొక నిజమైన జీవితం.

పొట్టివాడా, విషం పెట్టారా అన్నవాటికి మూడు వాక్యాలు చాలు. ఎత్తు సుమారు 168 సెంటీమీటర్లు, ఆ కాలానికి మామూలే, పొట్టితనం జేమ్స్ గిల్రే కార్టూన్ల చలవ. చావు కడుపు జబ్బుతో, బహుశా క్యాన్సరుతో. 1961లో స్వీడన్ దంతవైద్యుడొకరు లేపిన ఆర్సెనిక్ కథ పుస్తకాలు అమ్మింది గాని వైద్యులను ఒప్పించలేదు.

మన వైపు నుంచి ఒక ఫిర్యాదు ఉంది. ఈ పుస్తకాల్లో భారతదేశం అంటే 1799 జనవరిలో కైరో నుంచి టిప్పు సుల్తానుకు రాసిన ఉత్తరం, అది బ్రిటిష్ వాళ్ల చేతిలో పడటం, అంతే. ఆ మే 4న శ్రీరంగపట్నం పడింది. ఆ దాడిలో ఉన్న ఆర్థర్ వెల్లెస్లీ తర్వాత వెల్లింగ్టన్ అయ్యాడు. నెపోలియన్ అతన్ని సిపాయిల జనరల్ అని ఎగతాళి చేసేవాడని చెబుతారు. కాని ఫ్రెంచి భయం ఎక్కువగా పనిచేసింది హైదరాబాదులో. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమాన్ తయారుచేసిన పటాలాలుండేవి. గన్‌ఫౌండ్రీ అతను పెట్టిన ఫిరంగుల కార్ఖానా, మూసారాంబాగ్ పేరు అతనిదే. ఫ్రెంచి బూచి చూపించి ఆర్థర్ అన్న, గవర్నర్ జనరల్ వెల్లెస్లీ 1798 సెప్టెంబరులో నిజాంతో సైన్య సహకార సంధి రాయించుకున్నాడు. అక్టోబరులో ఆ పటాలాలను నిరాయుధం చేశారు. బ్రిటిష్ సైన్యం జీతాల కింద 1800లో నిజాం ఇచ్చేసిన నేల కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు, మన దత్తమండలాలు. నెపోలియన్ జీవితచరిత్ర ఏదీ కడప దాకా రాదు. రావాలని అడగడం లేదు. అతని పేరు వినిపించినంత మేర జరిగిన పనులు కూడా అతని జీవితంలో భాగమేనా అన్నది ఇంకా ఎవరూ సరిగ్గా ఎత్తుకోని ప్రశ్న.

ఎవరైనా ఏం చదవాలని అడిగితే డ్వయర్ మొదటి సంపుటం, దాని పక్కనే జేమ్స్ అంటాను. జేమ్స్ పుస్తకంలో బొనపార్ట్ చాలా ఆలస్యంగా వస్తాడు, సముద్రం అవతల ఉండి ఉత్తరాలకు జవాబివ్వని మనిషిగా. టూసాన్ లూవెర్త్యూర్‌ను 1802 జూన్‌లో మోసంతో పట్టుకుని, ఓడెక్కించి, జూరా కొండల్లో ఫోర్ ద జూ కోటలో పడేశారు. ఆ చలిలో, ఆ శరత్కాలంలో, అతనూ ఒక గుమాస్తాకు చెప్పి తన జీవితం రాయించుకున్నాడు. కొంత తన చేత్తోనే, చెవికి వినిపించిన ఫ్రెంచిలో రాశాడు. విచారణ జరిపించమని కోరుతూ మొదటి కాన్సల్‌కు పంపాడు. జవాబు రాలేదు. కాగితం, కలం, సిరా తీసేసుకోమని పారిస్ నుంచి ఆజ్ఞ వచ్చింది. 1803 ఏప్రిల్ 7న కావలివాడు తలుపు తీసేసరికి పొయ్యి దగ్గర కుర్చీలో చనిపోయి ఉన్నాడు. ఆ రాతప్రతి 1853లో అచ్చయింది, ‘మెమోరియల్’ కంటే ముప్పై ఏళ్లు వెనకగా.